పెట్టెలో వేడి తేలికే, చల్లని కొసే కష్టం: నెల్లూరు, ప్రకాశం ఎండల్లో పెంపుడు బల్లుల గూడు

క్లుప్తంగా

ఇగువానా, బియర్డెడ్ డ్రాగన్ లాంటి విదేశీ బల్లికి గూడు కట్టిద్దామని వెతికితే కనిపించే వీడియోల్లో చాలావరకు చలి దేశాలవే. పెట్టెను ఎలా వేడెక్కించాలన్నదే వాళ్ల బాధ. రోహిణి కార్తెలో గది గాలే 36 డిగ్రీలుండే చోట అదే సలహా పాటిస్తే జంతువు ఉడికిపోతుంది. ఇక్కడ తేల్చుకోవాల్సినవి మూడు: ఒళ్లు చల్లార్చుకునే కొస పెట్టెలో ఎక్కడుంది, గాలిలో తేమ ఎంత, అద్దం అడ్డం లేకుండా యూవీబీ (ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలు) అందుతోందా. కొనే జంతువును చట్టం ఒప్పుకుంటుందా అన్నది వీటన్నిటికంటే ముందు చూసుకోవాలి.

ముందు కాగితాల సంగతి

బల్లి మీద పడితే పంచాంగం తీసే ఇళ్లలోనే ఇప్పుడు పిల్లలు బల్లిని పెంచుకుంటామంటున్నారు. ఏ బల్లి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పొలం గట్టున దొరికిన ఉడుము పిల్లను, కంచె మీద కనిపించిన ఊసరవెల్లిని ఇంటికి తేవడం నేరం. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) షెడ్యూల్ 1లో ఉంది. ఆ షెడ్యూల్ జంతువుల కేసుల్లో శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు.

ఈ చట్టాన్ని 2022లో సవరించారు, సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వన్యజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం ‘సైటిస్’ జాబితాల్లోని విదేశీ జాతులు షెడ్యూల్ 4లోకి వచ్చాయి. ఆకుపచ్చ ఇగువానా సైటిస్ రెండో అనుబంధంలో ఉన్న జాతి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. పిల్లలు పుట్టినా, జంతువు చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. అమ్మేవాడు ‘బిల్లు అక్కర్లేదు’ అన్నాడంటే ఆ మాటే హెచ్చరిక అనుకోవాలి.

లెపర్డ్ గెకో అనే చుక్కల బల్లి విషయంలో ఇంకో చిక్కుంది. దాని సొంత ప్రాంతం అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్ నుంచి వాయవ్య భారతం దాకా వ్యాపించి ఉంది. దాని దగ్గరి చుట్టమైన మరో చుక్కల బల్లి మన తూర్పు కనుమల్లోనే తిరుగుతుంది. అది పెంపకంలో పుట్టిందా, అడవిలో పట్టిందా అన్నది చూపుతో తేలదు. అటవీ శాఖను రాతపూర్వకంగా అడిగాకే దాని జోలికి వెళ్లాలి. అందుకే ఈ వ్యాసం ఇగువానా, బియర్డెడ్ డ్రాగన్ రెండింటికే పరిమితం.

ఒంట్లో పొయ్యి లేని జంతువు

మనిషికి ఎండైనా వానైనా ఒంటి వేడి దాదాపు ఒక్కలాగే ఉంటుంది. బల్లి జాతికి ఆ ఏర్పాటు లేదు. ఎండలోకి వచ్చి వేడెక్కుతుంది, నీడలోకి జరిగి చల్లారుతుంది. తిన్నది అరగాలన్నా, జబ్బును తట్టుకోవాలన్నా రోజులో కొంతసేపు ఒళ్లు 35 డిగ్రీల చుట్టుపక్కలకు చేరాలి. చేరాక అక్కడి నుంచి తప్పుకోవడమూ అంతే అవసరం. కాబట్టి పెట్టెకు ఒకే ఉష్ణోగ్రత పనికిరాదు. ఒక కొస వేడిగా, రెండో కొస చల్లగా, మధ్యలో మెల్లగా మారుతూ ఉండాలి. ‘పెట్టెలో 32 డిగ్రీలు ఉంచండి’ అనే సలహా వినడానికి బాగుంటుంది కానీ జంతువుకు దాంతో పని జరగదు.

రెండడుగుల చేపల తొట్టిలో ఈ తేడా నిలవదు. బల్బు వేసిన అరగంటకు అద్దాలు, లోపలి గాలి అన్నీ ఒకే వేడికి వస్తాయి. పొడవుంటేనే తేడా నిలుస్తుంది. బియర్డెడ్ డ్రాగన్‌కు 4 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు, 2 అడుగుల ఎత్తు కావాలి. ఇగువానా చెట్టెక్కే జంతువు కనుక ఎత్తు ముఖ్యం. పెరిగినదానికి 6 అడుగుల పొడవు, 3 అడుగుల లోతు, 6 అడుగుల ఎత్తు తప్పదు. అమ్మకానికి వచ్చే ఇగువానా పిల్ల జానెడే ఉంటుంది. మూడేళ్లకు తోకతో కలిపి మీటరు దాటుతుంది, మగది మీటరున్నరా పైకీ పోతుంది. పదిహేనేళ్లు బతికే అవకాశం ఉంది. ఇంట్లో బీరువా పట్టేంత చోటు దీనికే వదిలేయగలమా అన్నది పిల్లను చూసి ముచ్చటపడే ముందు వేసుకోవాల్సిన లెక్క.

బల్బు లెక్క ఎక్కడ తప్పుతుంది

వేడి బల్బు ‘40 డిగ్రీలు’ ఇవ్వదు. గదిలో ఎంతుందో దానికి కొంత కలుపుతుంది. ఒక హాలోజన్ బల్బు అడుగు దూరంలో బండ మీద 14 డిగ్రీలు పెంచుతుందనుకుందాం. ఏసీ గదిలో 26 ఉంటే బండ 40కి వస్తుంది, బియర్డెడ్ డ్రాగన్‌కు సరిగ్గా కావాల్సింది అంతే. అదే బల్బు మే నెలలో 36 డిగ్రీల గదిలో బండను 50కి తీసుకెళ్తుంది. బండ దగ్గర 50 అయినా చల్లని కొస చల్లగా ఉంటే జంతువు అటు జరుగుతుంది. కానీ చల్లని కొస ఎప్పటికీ గదికంటే చల్లగా ఉండదు. 36 డిగ్రీల గదిలో పెట్టె అంతా 36కు పైనే. బియర్డెడ్ డ్రాగన్‌కు చల్లని కొస 24 నుంచి 29 మధ్య, ఇగువానాకు 26 నుంచి 30 మధ్య ఉండాలి. ఎంత వాటేజీ తగ్గించినా ఈ లోటు పూడదు.

ఇక్కడే మిద్దె ఇళ్ల సంగతి వస్తుంది. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని తాగి సాయంత్రం నుంచి కిందికి వదులుతుంది. అందుకే పై అంతస్తు గదిలో మధ్యాహ్నం 2 గంటలకన్నా రాత్రి 7 గంటలకు ఉడుకు ఎక్కువ. మధ్యాహ్నం ఒకసారి థర్మామీటరు చూసి ‘పర్వాలేదు’ అనుకున్నవాళ్లు మోసపోయేది ఇందువల్లే. పెట్టెకు తగిన చోటు కింది అంతస్తులో, ఉత్తరపు గోడ పక్కన, నేరుగా ఎండ పడని మూల.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా బల్బు వేళలు మార్చుకోవాలి. ఉదయం 6కు వేడి బల్బు, యూవీబీ ట్యూబు రెండూ వెలగాలి. 10 లేదా 11కల్లా వేడి బల్బు ఆపి, ట్యూబును సాయంత్రం 6 దాకా ఉంచాలి. తెల్లవారుజామున గది చల్లగా ఉన్నప్పుడే జంతువు ఎండ కాచుకుని తిని, వేడెక్కే వేళకు నీడ చేరుతుంది. అడవిలో చేసేదీ అదే. బల్బుకు డిమ్మింగ్ థర్మోస్టాట్ (వేడిని బట్టి బల్బును తగ్గించి పెంచే పరికరం) పెట్టి, దాని ప్రోబ్‌ను (వేడి కొలిచే మొనను) బండ అంచున బిగించాలి. ఆన్-ఆఫ్ రకం పెడితే బల్బు పొద్దస్తమానం వెలిగి ఆరి జంతువును చీకాకు పెడుతుంది. ఫిలమెంట్ కూడా తొందరగా పోతుంది.

రాత్రి ఎర్ర బల్బు ఈ జిల్లాల్లో దాదాపు దండగ. ఏడాదిలో ఎక్కువ రాత్రులు అది లేకుండానే గడిచిపోతాయి. గిద్దలూరు, మార్కాపురం వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాములే మినహాయింపు. గది 22కు దిగితే ఇగువానాకు వెలుతురు లేని సిరామిక్ హీటరు కావాలి. బియర్డెడ్ డ్రాగన్ 18 దాకా ఇబ్బంది పడదు.

తీరానికి ఒకటి, మెట్టకు ఒకటి

ఇగువానా మధ్య, దక్షిణ అమెరికాల్లో ఏటి ఒడ్డు చెట్ల మీద బతికేది. గాలిలో తేమ 60 నుంచి 80 శాతం ఉండాలి. బియర్డెడ్ డ్రాగన్ ఆస్ట్రేలియా లోపలి మెట్ట నేలలది, దానికి 30 నుంచి 40 శాతం చాలు. నెల్లూరు, కావలి, కొత్తపట్నం లాంటి తీర ప్రాంతాల గాలి ఇగువానాకు నప్పుతుంది. పొదిలి, కనిగిరి వైపు పొడి వేసవి బియర్డెడ్ డ్రాగన్‌కు నప్పుతుంది. ఊరి గాలికి ఎదురీదే జంతువును ఎంచుకుంటే నెల నెలా కరెంటు బిల్లులో ఆ తేడా కట్టాలి.

తేమకు, వేడికి ఉన్న సంబంధం తెలిస్తే సగం సమస్య తీరుతుంది. 30 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలిని, అందులో నీరు కలపకుండా తీయకుండా 38కి వేడి చేస్తే అదే తేమ 48 శాతంగా చదువుతుంది. 25కు చల్లారిస్తే 100కు చేరి గోడల మీద నీటి బొట్లు కడుతుంది. అంటే ఒకే పెట్టెలో వేడి కొస పొడిగా, చల్లని కొస చెమ్మగా ఉండటం సహజమే. తేమ మీటరు వేడి కొసలో తగిలించి ‘అంతా బాగుంది’ అనుకుంటే చల్లని కొసలో బూజు పడుతుంది. ఊపిరితిత్తుల జబ్బు అక్కడి నుంచే మొదలు. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, గురగుర చప్పుడు దాని గుర్తులు. బల్బు కింద నోరు తెరిస్తే అది వేడి దించుకునే పద్ధతి. చల్లని కొసలో పడుకుని కూడా నోరు తెరిచే ఉంటే జబ్బైనా అయ్యుండాలి, ఆ కొస కూడా వేడెక్కయినా ఉండాలి.

గది చల్లబరచడానికి కూలరా, ఏసీనా అన్నదీ దీంతోనే తేలుతుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది కనుక తేమ పెంచుతుంది. ఇగువానాకు మంచిదే, బియర్డెడ్ డ్రాగన్‌కు చేటు. అదీగాక తీరంలో గాలి ముందే తడిగా ఉంటుంది కాబట్టి కూలర్ పెద్దగా చల్లబరచదు. ఏసీ గాలిలోని నీటిని పిండేస్తుంది. డ్రాగన్‌కు 27 దగ్గర ఏసీ సరిపోతుంది. ఇగువానా గదిలో ఏసీ వేస్తే రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఫాగర్ (పొగమంచులా నీటిని చిమ్మే పరికరం) నాజిల్ నెల తిరక్కుండా మూసుకుపోతుంది, మామూలు స్ప్రే సీసానే నయం.

వడ్రంగికి చెప్పాల్సినవి

ఎండీఎఫ్, మామూలు కమర్షియల్ ప్లై నవంబరు వానలకు ఉబ్బిపోతాయి, చెదలూ పడతాయి. 12 మి.మీ. బీడబ్ల్యూపీ (నీటిని తట్టుకునే) గ్రేడ్ ప్లై గానీ, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన) షీటు గానీ తీసుకోవాలి. లోపల నీటి ఆధారిత పాలియురెథేన్ రెండు పూతలు వేసి, లోపలి మూలలు అక్వేరియం సిలికాన్‌తో మూసి, వాసన పూర్తిగా పోయేదాకా రెండు వారాలు ఆరనివ్వాలి. ముందు భాగంలో 5 మి.మీ. అద్దం పక్కకు జరిగేలా అమర్చాలి. పైనుంచి చెయ్యి పెడితే గద్ద దిగిందనుకుని జంతువు బెదురుతుంది.

గాలి రంధ్రాలు ఎదురెదురుగా, ఎత్తు తేడాతో ఉండాలి. చల్లని వైపు నేలకు మూడు అంగుళాల పైన ఒక వరస, వేడి వైపు పైకప్పు దగ్గర ఇంకో వరస. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటే కింద నుంచి చల్లగాలి లోపలికి లాగబడుతుంది, పొగగొట్టం పనిచేసే తీరే. రెండు వరసలూ ఒకే ఎత్తులో కొట్టిస్తే ఈ లాగుడు ఉండదు. తీరంలో రంధ్రాల వైశాల్యం వీడియోల్లో చూపే దానికి రెట్టింపు పెట్టించినా తప్పు కాదు. ఇగువానా పెట్టెకైతే రెండు పక్కలు పూర్తిగా అరంగుళం వెల్డ్ మెష్ పెట్టవచ్చు. బల్బు చుట్టూ తీగ బోను తప్పనిసరి. హోల్డర్ సిరామిక్‌దే కావాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది.

ఎండ కాచుకునే బండ కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. మార్కాపురం పలక రాయి ఈ పనికి చేసిపెట్టినట్టు ఉంటుంది. నల్లగా ఉండి వేడిని పట్టుకుంటుంది, బల్బు ఆర్పాక కూడా కొంతసేపు పొట్టకు వెచ్చగా ఉంటుంది, గరుకుగా ఉండి గోళ్లు అరగదీస్తుంది, కడిగితే శుభ్రం. 10 మి.మీ. మందం, అడుగున్నర పొడవు ముక్క చాలు. దాన్ని ఇసుక మీద గానీ పీచు మీద గానీ పరచకూడదు. జంతువు కింద తవ్వితే బండ దాని మీదే కూలుతుంది. పెట్టె అడుగుకు ఆనించి, తరవాతే చుట్టూ మిగతాది పోయాలి. పాలిష్ పట్టిన చీమకుర్తి గ్రానైటు చూడ్డానికి బాగుంటుంది కానీ దాని మీద గోరు నిలవదు, కాళ్లు చీలిపోతాయి. కరెంటుతో వేడెక్కే ‘హాట్ రాక్’ అసలే వద్దు. ఈ జంతువులు పొట్ట కాలుతున్నా చాలాసార్లు కదలవు.

అడుగున పరిచేదానికి డ్రాగన్‌కైతే టైలు ముక్కలు, కాగితం మేలు. ఏటి ఇసుక తిండితో పాటు మింగితే పేగులో గట్టిపడుతుంది. కొబ్బరి పీచు పొట్టు ఇగువానాకు బాగుంటుంది గానీ ఈశాన్య రుతుపవనాల్లో వారానికోసారి తిరగేయకపోతే బూజు వాసన వేస్తుంది.

అద్దం మింగేసే వెలుగు

బల్లి చర్మం 290 నుంచి 315 నానోమీటర్ల యూవీబీ కిరణాలతో విటమిన్ డి3 తయారు చేసుకుంటుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. రక్తంలో కాల్షియం తగ్గకుండా ఒళ్లు ఎముకల్లోంచి తోడుకుంటుంది. మొదట వేళ్లు అదురుతాయి, తరవాత దవడ రబ్బరులా మెత్తబడుతుంది, తొడలు ఉబ్బి ‘బాగా ఒళ్లు చేసింది’ అనిపిస్తాయి. ఆ ఉబ్బు బలం కాదు, ఎముక పోయి దాని చోట నార కణజాలం చేరడం.

కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. కిటికీ పక్కన పెట్టె పెట్టి ‘ఎండ తగులుతోంది’ అనుకునేవాళ్లు ఎక్కువ. జంతువుకు అందేది ఉడుకు మాత్రమే. దోమల జాలీ కూడా మూడో వంతు నుంచి సగం దాకా తినేస్తుంది. టీ5 హెచ్ఓ (సన్నని, ఎక్కువ వెలుగిచ్చే రకం) యూవీబీ ట్యూబు, 10 లేదా 12 శాతం రకం, రిఫ్లెక్టరుతో, జాలీకి లోపలి వైపు, జంతువు వీపుకు 30 నుంచి 38 సెం.మీ. దూరంలో ఉండాలి. పెట్టె పొడవులో వేడి కొస నుంచి సగం దాకా రావాలి. మిగతా సగం నీడ. పన్నెండు నెలలకు కంటికి బాగానే వెలుగుతున్నా మార్చేయాలి, కనిపించే వెలుగు కంటే ముందే యూవీబీ తగ్గిపోతుంది. మామూలు ఎల్‌ఈడీ లైట్లలో ఈ కిరణం ఉండదు.

ఇక్కడి వాళ్లకున్న అదృష్టం అసలు ఎండే. ఉదయం 7.30 నుంచి 9 మధ్య తీగ బోనులో అరగంట బయట ఉంచితే ఏ ట్యూబూ దానికి సాటి రాదు. బోనులో సగానికి తడి గోనె పట్టా కప్పి నీడ ఉంచాలి, మనిషి పక్కనే ఉండాలి. కాకులు, పిల్లులు కాచుకునే ఉంటాయి. అద్దాల పెట్టెను మాత్రం ఎండలో పెట్టకూడదు. కాఫీ తాగి వచ్చేలోగా ప్రాణం పోతుంది.

మునగాకు ఉండగా

ఇగువానా పూర్తిగా ఆకు తినేది. మునగాకు, అవిసాకు, మందారం ఆకులు, పూలు రోజువారీ తిండి కావాలి. బీన్సు, గుమ్మడి తురుము కొంచెం, బొప్పాయి అప్పుడప్పుడు. మునగాకులో కాల్షియం ఎక్కువ. పాలకూర, తోటకూరల్లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి కనుక అవి వారానికోసారి మించకూడదు. పెరుగన్నం ఇష్టంగా నాకుతుంది, అరగదు. గుడ్డు, కోడి మాంసం పెడితే తొందరగా పెరిగినట్టు కనిపించి మూత్రపిండాలు చెడతాయి.

బియర్డెడ్ డ్రాగన్ పిల్లప్పుడు ఎక్కువగా పురుగులు, పెద్దయ్యాక ముప్పావు భాగం ఆకుకూర తింటుంది. పురుగులను పొలం నుంచి పట్టి తేవద్దు. మిరప, పత్తి చేలలో మందు కొట్టిన మిడత జంతువు కడుపులోకి మందునే మోసుకెళ్తుంది. మిణుగురు ఒక్కటి చాలు డ్రాగన్‌ను చంపడానికి. పెంచిన కీచురాళ్లకు ఒక రోజు ముందు మంచి ఆకు పెట్టి, కాల్షియం పొడి అద్ది ఇవ్వాలి. పురుగు పొడవు జంతువు రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు.

చీమలు, దోమల మందు, తుపాను

పెట్టెలో పురుగు చచ్చిందంటే గంటలో చీమల బారు వస్తుంది. ఎర్రచీమలు నిద్రపోతున్న జంతువు కళ్లనూ వదలవు. చీమల చాక్‌పీసు గీత గీయడం పరిష్కారం కాదు. అందులో ఉండేది కీటక నాశిని, పురుగు దాని మీదుగా నడిచి జంతువు నోట్లోకి వెళ్తుంది. పాల గిన్నె కింద నీళ్ల పళ్లెం పెట్టే పాత పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: స్టాండు నాలుగు కాళ్లూ నీళ్ల గిన్నెల్లో ఉండాలి, పెట్టె గోడకు తగలకూడదు, వైరు గిన్నె మీదుగా వేలాడకూడదు. దోమల కాయిల్స్, ప్లగ్‌లో పెట్టే ద్రావణాలు కూడా అదే కుటుంబం మందులే. ఆ గదిలో దోమతెరే వాడాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లకు కరెంటు ఒకటి రెండు రోజులు పోవడం ఈ తీరానికి కొత్త కాదు. 25 డిగ్రీల గదిలో బల్బు లేకుండా రెండు రోజులు ఆరోగ్యంగా ఉన్న జంతువు తట్టుకుంటుంది. చేయకూడని పని ఒకటే, తిండి పెట్టడం. వేడి లేకపోతే అరగదు, కడుపులోనే కుళ్లుతుంది. వేసవి కరెంటు కోత దీనికి తిరగబడి ఉంటుంది. ఏసీ ఆగిన గది రెండు గంటల్లో 36కు వస్తుంది. కాబట్టి ఇన్వర్టరు మీద పెట్టాల్సింది చిన్న ఫ్యాను. బల్బును ఇన్వర్టరుకు కలపడం బ్యాటరీకీ, జంతువుకూ నష్టమే. ఫ్యానును పెట్టె పై రంధ్రాల దగ్గర బయటికి ఊదేలా పెట్టాలి.

ఒంగోలు గిత్తకు వైద్యం చేసే చేతికి ఇగువానా కొత్త. సరీసృపాలు చూసే డాక్టరు ఎక్కడున్నారో, నెల్లూరు వాళ్లకు చాలాసార్లు అది చెన్నైయే, జంతువు రాకముందే కనుక్కుని ఉంచుకోవాలి. విసుగొస్తే చెరువు గట్టున వదిలేయడం అసలు కుదరదు. ఫ్లోరిడా, తైవాన్ ఇగువానాలతో పడుతున్న తిప్పలు పెంపకందార్లు వదిలిన జంతువులతోనే మొదలయ్యాయి. పులికాట్, నేలపట్టు పక్కనే ఉన్న జిల్లాలో ఆ ప్రయోగం అక్కర్లేదు. తాకాక సబ్బుతో చేతులు కడగాలి, గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. సాల్మొనెల్లా ఈ జంతువుల పేగుల్లో సాధారణంగా ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ ముచ్చట వాయిదా వేయడమే మంచిది.

ఖాళీ పెట్టెతో ఒక వారం

జంతువును తెచ్చే ముందు పెట్టెను ఖాళీగా ఏడు రోజులు నడపాలి. బండ పైభాగాన్ని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (తాకకుండా వేడి కొలిచే పరికరంతో), రెండు కొసల గాలిని ప్రోబ్ ఉన్న డిజిటల్ మీటర్లతో కొలవాలి. అద్దానికి అంటించే స్టిక్కర్ థర్మామీటరు అద్దం వేడినే చూపుతుంది. తెల్లవారుజామున 5, ఉదయం 9, మధ్యాహ్నం 2, రాత్రి 7 గంటలకు అంకెలు రాసుకోవాలి. డ్రాగన్‌కు బండ 38 నుంచి 42, ఇగువానాకు కొమ్మ మీద 35 నుంచి 38 రావాలి. ఈ పరీక్ష జనవరిలో చేసి మేకు అదే చాలనుకోకూడదు, మార్చి చివర మళ్లీ చేయాలి. ఎక్కువగా తప్పేది రాత్రి 7 గంటల అంకె. ఆ వేళ చల్లని కొస 32 దాటుతుంటే బల్బు, థర్మోస్టాట్, రంధ్రాల జోలికి వెళ్లడం అనవసరం. పెట్టెను ఆ గది నుంచి దించాలి.